లైబ్రరీ గదిలో తెల్ల డబ్బా

సెప్టెంబరు 6

బాబాయికి,

ఫోన్ చేద్దామనుకుని మానేశాను. పోయినసారి నేను "ఆరోగ్యం ఎలా ఉంది" అని మూడుసార్లు అరిస్తే నువ్వు "ఇంకా రాలేదు, రేపొస్తాడు" అన్నావు. వెనకనుంచి పిన్ని పడీపడీ నవ్వడం నాకు వినిపించింది. అందుకని బుద్ధిగా ఉత్తరమే రాస్తున్నాను.

ఒక వార్త. నువ్వు ముప్పై మూడేళ్ళు పనిచేసిన యూనివర్సిటీలోనే మా కంపెనీకి పని దొరికింది. నన్ను అక్కడికే వేశారు. మీ బాయిలరు రూము తీసేస్తున్నాం. కోప్పడకు. మండించే నూనెలో మూడో వంతు, భూమిలోపలి పాత ఆవిరి పైపుల దగ్గరే వృథా అయిపోతోంది. చలికాలానికో యంత్రం, ఎండాకాలానికో యంత్రం కాకుండా వేడికీ చల్లదనానికీ ఒకటే ఏర్పాటు పెడుతున్నాం. ఒక బిల్డింగులో ఎక్కువైన వేడిని పట్టుకెళ్ళి ఇంకో బిల్డింగుకి ఇస్తుంది. ఏ గదికి ఎంత కావాలో ఆ గదే చెప్పుకోవాలి.

చిక్కెక్కడ వచ్చిందంటే, పాత డ్రాయింగులు లేవు. బీరువా తెరిస్తే చెదపురుగులు మమ్మల్ని చూసి విసుక్కున్నాయి. ఏ పైపు ఎటునుంచి ఎటు పోతోందో నీ బుర్రలో తప్ప ఎక్కడా లేదు. గుర్తున్నంత వరకు గీసి పంపించు.

ఇంకొకటి. గదుల్లో గోడ మీద తెల్ల డబ్బాలున్నాయి కదా, చక్రం తిప్పి వేడి పెంచుకునేవి, తగ్గించుకునేవి. మొత్తం రెండు వందల పన్నెండు లెక్క తేలాయి. వాటి వైర్లు బాగుంటే అవే వాడుకుంటాం. గోడలు పగలగొట్టక్కర్లేదు, చలి ముదిరేలోగా పని అయిపోతుంది. మా ప్లానంతా ఆ డబ్బాల మీదే నిలబడింది. అవి సరిగ్గానే ఉన్నాయా?

నువ్వు నా బాబాయివని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. సిఫారసు మీద వచ్చాననుకుంటారు. పనయ్యాక అందరిముందూ చెబుతాను.

నేనొక్కదాన్నే సంతకం పెట్టే మొదటి పెద్ద పని ఇది. కాళ్ళూ చేతులూ ఆడటం లేదు.

నీ
అమ్మడు


సెప్టెంబరు 15

అమ్మడూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మీ పిన్ని "ప్రేమలేఖా ఏమిటి" అని అడిగింది. అంతకంటే ఎక్కువే అన్నాను. మూతి ముడుచుకుంది.

బాయిలరు తీసేస్తే నాకెందుకు కోపం? దాని మూలంగా నా చెవులు పోయాయి, అదీ పోనీ. ఇరవయ్యేళ్ళ కిందటే తీసేయాల్సింది. ఆరు కాగితాల మీద గీసి పంపుతున్నాను. ఎర్ర గీత ఆవిరి పోయేది, నీలం గీత నీళ్ళు తిరిగొచ్చేది. లైబ్రరీ వెనక గోతిలో ఉన్న వాల్వు మొండిది. బలం చూపిస్తే విరిగిపోతుంది. పావు చుట్టు కుడికి తిప్పి, ఆగి, అప్పుడు ఎడమకి తిప్పు. ఏ పైపునైనా మొదట అరచేత్తో కాదు, వెనక చేత్తో ముట్టుకో. అరచెయ్యి కాలితే పది రోజులు పని పోతుంది. నీకు ఏడేళ్ళప్పుడే నేర్పాను, మర్చిపోయి ఉండవులే.

తెల్ల డబ్బాల సంగతి నన్నడిగితే ఏం చెప్పను? నేను ఆవిరి మనిషిని. కరెంటు పని ఏదైనా మేం టార్చిలైటు అని పిలిచే మా ఎలక్ట్రీషియనుదే. ఎండ మండిపోతున్నా చేతిలో టార్చి లేకుండా నడవడు, నువ్వు చూడగానే పోల్చుకుంటావు. ఇంకా సర్వీసులోనే ఉండాలి. వాణ్ణడుగు.

లైబ్రరీ మూడో అంతస్తులో ఉత్తరం వైపు చివరి గది ఇప్పుడెవరు వాడుతున్నారు? ఊరికే అడిగాను.

నా పేరు చెప్పకపోతే ఏంలే, నువ్వు చెప్పే రోజు నేను అక్కడుండాలి. అప్పుడు వేసుకోవడానికి మీ పిన్ని చొక్కా ఇస్త్రీ చేసి పెట్టేసింది కూడా.

బాబాయి


అక్టోబరు 2

బాబాయికి,

నువ్వు మనిషివి కాదు! ఎర్ర గీత ఉన్న చోటే తవ్వితే ఎర్ర గీత మీదే పైపు తగిలింది, జానెడు కూడా అటూ ఇటూ కాలేదు. మా పెద్ద ఇంజనీరు నీ కాగితాలు తిరగేసి "ఇవి గీసినవాడు ఎక్కడ దొరికాడు నీకు" అన్నాడు. తెలిసినవాళ్ళు అన్నాను. మొండి వాల్వు కూడా నువ్వు చెప్పినట్టే వింది.

టార్చిలైటుని కలిశాను. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతున్నాడు. డబ్బాలు ఎలా ఉన్నాయని అడిగితే చేతిలో టార్చి వెలిగించి, ఆర్పి, "నాకేం తెలీదమ్మా, మీ పని మీరు చూసుకోండి" అన్నాడు. రిటైరయ్యేవాళ్ళకి పని మీద మనసుండదు. ఒక పది డబ్బాలు విప్పి చూశాను, అన్నీ శుభ్రంగా పనిచేస్తున్నాయి. స్టోరు రిజిస్టరులో కూడా అన్నీ కరెంటు పని కిందే, అతని పేరు మీదే ఉన్నాయి. సరే, రెండు వందల పన్నెండూ బాగున్నాయని రిపోర్టులో రాసేస్తున్నాను.

నువ్వడిగిన గదిలో ఇప్పుడు పుస్తకాలు కుట్టే ఆవిడ కూర్చుంటోంది. శాలువా కప్పుకుని పనిచేస్తోంది. అక్కడి డబ్బా చూస్తే ఆశ్చర్యమేసింది. చక్రం మీద అంకెలు చెరిగిపోయాయి. ఎవరో ఏళ్ళ తరబడి రోజూ తిప్పినట్టు నున్నగా అరిగిపోయింది.

పిన్ని మోకాళ్ళు ఎలా ఉన్నాయి? మెట్లు ఎక్కువగా ఎక్కొద్దను.

నీ
అమ్మడు


అక్టోబరు 11

అమ్మడూ,

పది విప్పితే చాలదు. ఇంకో పది విప్పు. లైబ్రరీలోవి విప్పు, మూడో అంతస్తుది తప్పకుండా విప్పు. అప్పటిదాకా సంతకం పెట్టకు.

పైన ఒక లైను రాసి కొట్టేశాను. వెలుగుకి పెట్టి చదవాలని చూడకు, నాలుగుసార్లు దిద్ది కొట్టేశాను.

మీ పిన్ని మోకాళ్ళు అలాగే ఉన్నాయి. నోరు బాగుంది.

బాబాయి


నవంబరు 3

బాబాయికి,

నీ ఉత్తరం వచ్చిన రోజు పొద్దున్నే నేను సంతకం పెట్టేశాను. పెద్దవాళ్ళకి అన్నిటికీ అనుమానమే అనుకుని నవ్వుకున్నాను కూడా. ఇప్పుడు ఏడవాలని ఉంది.

మొన్న పరీక్ష రోజు. యూనివర్సిటీ పెద్దలు, మా కంపెనీ వాళ్ళు, ఇరవై మంది లైబ్రరీకి వచ్చారు. పెద్ద ఇంజనీరు ఒక గదిలో చక్రం తిప్పాడు. టిక్కుమంది. ఏమీ కాలేదు. మళ్ళీ తిప్పాడు. టిక్కు. స్క్రూలు విప్పించాడు. లోపల వైరు లేదు, బాబాయ్. ఏమీ లేదు. టిక్కుమని చప్పుడు రావడానికి బాల్ పెన్నులో స్ప్రింగొకటి, దాని కింద మడతపెట్టిన అగ్గిపెట్టె అట్టముక్క. అంతే. ఒకాయన పగలబడి నవ్వాడు, ఆ తర్వాత అందరూ నవ్వారు. మొత్తం ఇలాంటివి అరవై నాలుగు తేలాయి. బాగున్నాయని రాసి కింద సంతకం పెట్టింది నేను. తల కొట్టేసినట్టయింది. ఎక్కడ చూడాలో తెలీక ఆ స్ప్రింగునే చూస్తూ నిలబడ్డాను.

ఇదెవరు చేసిన పని అని అడిగారు. కరెంటు పని ఎవరిదో నువ్వు రాశావు కదా, రిజిస్టరు కూడా అదే చెప్పింది. టార్చిలైటు పేరు చెప్పాను. పిలిపించారు. అందరిముందూ అడిగారు. ఔననలేదు, కాదనలేదు. టార్చి రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. మెమో ఇచ్చారు. విచారణ తేలేదాకా పనిలోకి రావద్దన్నారు. రిటైర్‌మెంటు రోజు చేద్దామనుకున్న సభ ఆపేశారు.

నువ్వెవరో చెప్పకపోవడమే మంచిదయింది. ఆ పాత బాయిలరు రూము వాళ్ళందరినీ కలిపి దొంగల ముఠా అంటున్నారు. చలికి వణికే మనుషుల చేతికి ఉత్త డబ్బా ఇచ్చి ఇంటికెళ్ళి వాడికి అన్నం ఎలా దిగిందో నాకు అర్థం కావడం లేదు. నీలాంటి మనిషి పక్కన ఇన్నేళ్ళు పనిచేసి కూడా వాడు ఏం నేర్చుకున్నాడు?

ఇప్పుడు అరవై నాలుగు గదుల గోడలు పగలగొట్టాలి. నెలన్నర ఆలస్యం. నన్ను ఉంచుతారో లేదో తెలీదు.

నీ
అమ్మడు


నవంబరు 12

అమ్మడూ,

అన్నం బాగానే దిగింది. అదే చెప్పుకోవాల్సిన సిగ్గు. పద్దెనిమిదేళ్ళు శుభ్రంగా దిగింది. నీ ఉత్తరం వచ్చినప్పటినుంచే దిగడం లేదు.

ఆ డబ్బాలు చేసింది నేను. అరవై నాలుగూ నేనే. బాయిలరు పక్కన బల్ల మీద, ఈ చేతులతో. అగ్గిపెట్టె అట్ట లేకపోతే టిక్కు సరిగ్గా రాదు, అది కనిపెట్టడానికి వారం పట్టింది. అప్పట్లో గొప్పగా కూడా ఉండేది నాకు.

ఎలా మొదలైందో చెబుతాను, నన్ను వెనకేసుకు రావడానికి కాదు. ఒక గదిలో ఇద్దరు ప్రొఫెసర్లు. ఒకాయనకి ఉక్క, ఒకాయనకి చలి. రోజూ ఇద్దరూ మా సూపరింటెండెంటు మీద పడేవాళ్ళు. ఆయన విసిగిపోయి, "ఏదో ఒక డబ్బా తగిలించి వాళ్ళ నోరు మూయించరా" అన్నాడు. తగిలించాను. మర్నాడు ఇద్దరూ విడివిడిగా వచ్చి ఇప్పుడు హాయిగా ఉందన్నారు. నేనూ టార్చిలైటూ కడుపు పట్టుకుని నవ్వాం. ఎవరికీ నష్టం లేదనుకున్నాం. ఆ తర్వాత ఎవరు గొణిగినా ఒక డబ్బా. స్టోరులో సామాను తీసుకోవాలంటే కరెంటు పనని రాయాలి కాబట్టి వాడి పేరు రాశాను. వాడు సరేనన్నాడు. నేను అడిగితే వాడు కాదన్నది లేదు.

అప్పుడు లైబ్రరీ మేడమ్ వచ్చింది. మూడో అంతస్తు, ఉత్తరం గది. ఆవిడది గొణుగుడు కాదు, నిజంగా చలి. ఆ గదికి పోయే పైపు లోపల గార పట్టి పూడుకుపోయింది. గోడ పగలగొట్టి కొత్తది వేయాలి. సూపరింటెండెంటు కుదరదన్నాడు. ఆవిడ వేళ్ళ కణుపులు వాచి ఉండేవి. నేను డబ్బా పట్టుకుని బయల్దేరితే టార్చిలైటు దారికి అడ్డం నిలబడ్డాడు. "ఈవిడకొద్దురా. ఈవిడకి నిజం చెప్పు. ఇంకో గది అడుక్కుంటుంది" అన్నాడు. పెద్ద తెలిసినవాడివి బయల్దేరావ్ అని తోసేసి వెళ్ళి బిగించాను.

పదకొండేళ్ళు, అమ్మడూ. ఆ వాచిన వేళ్ళతో రోజూ పొద్దున్నే చక్రం తిప్పింది. అంకెలు చెరిపింది ఆవిడే. నేను కనిపిస్తే "మీరు పెట్టాక కాస్త నయంగా ఉందండీ" అనేది. రిటైరైన రోజు బాయిలరు రూముకి వెతుక్కుంటూ వచ్చి నాకో ఊలు టోపీ ఇచ్చింది. ఆ వేళ్ళతో అల్లింది. "పాపం, మీరు చలిలో తిరుగుతుంటారు కదా" అంది. ఆ ఆవరణ మొత్తం మీద అన్నిటికంటే వెచ్చని గదిలో చొక్కా విప్పి పనిచేసేవాణ్ణి నేను. తీసుకున్నాను. దండం కూడా పెట్టాను. ఒక్కసారైనా పెట్టుకోలేదు, పెట్టె అడుగున ఉంది. ఎందుకు పెట్టుకోవని మీ పిన్ని అడిగినప్పుడల్లా కుచ్చుకుంటుందని చెబుతూ వచ్చాను.

నువ్వడిగినప్పుడు నీళ్ళు నమిలాను. నా అన్న కూతురి దృష్టిలో చులకనైపోతానని భయపడి వాడి మీదకి తోశాను. వాడు అందరిముందూ నోరు విప్పకుండా నిలబడ్డాడంటే అది నా కోసమే. సిగ్గుతో చచ్చిపోతున్నాను.

ఇంకో కాగితం జతచేశాను. అందులో నా పేరూ, సంతకం, జరిగిందంతా ఉన్నాయి. మీ పెద్ద ఇంజనీరుకి ఇచ్చెయ్. వాడి మెమో రద్దయిందని తెలిసేదాకా నాకు ఇంకేమీ రాయకు.

బాబాయి


నవంబరు 24

బాబాయికి,

మెమో రద్దయింది. అది ముందు చెబుతున్నాను, ఊపిరి పీల్చుకో.

ఇక నా సంగతి. నీ ఉత్తరం పదహారో తారీఖున అందింది. నీ కాగితం మూడు రోజులు నా సంచీలోనే ఉంది. రోజూ పెద్ద ఇంజనీరు గది దాకా వెళ్ళి, మంచినీళ్ళు తాగి వెనక్కొచ్చేదాన్ని. అది ఇస్తే నువ్వెవరని అడుగుతారు. సిఫారసు అనుకుంటారని చెప్పలేదని నీకు రాశాను కదా, అది అబద్ధం. మా టేబులు దగ్గర భోంచేసేవాళ్ళంతా పెద్ద పెద్ద వాళ్ళ పిల్లలు. మా బాబాయి ఇక్కడే బాయిలరు రూములో మెకానిక్కు అని చెప్పడానికి నామోషీ అయింది. నాకు మొదటి డ్రాయింగు బోర్డు చేసిచ్చింది నువ్వు. నువ్వు గీసిన ఆరు కాగితాలు చూపించి మెప్పు మాత్రం నేను కొట్టేశాను. నీ తప్పు బయటపడింది, నాది బయటపడలేదు. తేడా అంతే.

మూడో రోజు టార్చిలైటు ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి "రా అమ్మా" అని కుర్చీ వేశాడు. నేను చెప్పబోతే ఆపాడు.

"నువ్వు మా వాడి అన్న కూతురివని మొదటి రోజే తెలుసు. పైపుని వెనక చేత్తో ముట్టుకున్నావు. ఈ చుట్టుపక్కల అలా ముట్టుకునేది వాడొక్కడే."

"మరి డబ్బాల సంగతి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"వాడే చెబుతాడనుకున్నా. నీకు చెప్పకుండా ఉంటాడా అనుకున్నా. వాడు చెప్పనప్పుడు, నీకు మీ బాబాయి మీద ఉన్న గౌరవం నేనెందుకు చెడగొట్టాలి? ఎలాగూ ఇంటికి పోయేవాణ్ణి."

ఆయన భార్య మంచినీళ్ళు తెచ్చిచ్చింది. నా మొహంలోకి మాత్రం చూడలేదు. అక్కడినుంచి నేరుగా ఆఫీసుకెళ్ళి కాగితం ఇచ్చాను. "ఇది రాసింది మా సొంత బాబాయి. పైపుల డ్రాయింగులు గీసింది కూడా ఆయనే" అని, భోజనాల టేబులు దగ్గర అందరూ ఉండగానే చెప్పాను. ఒకరిద్దరు నవ్వారు. నవ్వనీ.

పెద్ద ఇంజనీరు నన్ను కోప్పడలేదు. "విప్పకుండా సంతకం పెట్టావు" అని మాత్రం అన్నాడు. ప్లాను పనినుంచి తీసి, గోడలు పగలగొట్టే వాళ్ళతో వేశాడు. మొదట మూడో అంతస్తు ఉత్తరం గది తీసుకున్నాను. పూడుకుపోయిన పైపు బయటికి లాగితే కడ్డీలా గట్టిగా ఉంది, చిల్లే కనపడలేదు. కొత్త పైపు వేశాం. నిన్న ఆ గదిలో ఇరవై రెండు డిగ్రీలు. పుస్తకాలు కుట్టే ఆవిడ శాలువా తీసి కుర్చీకి తగిలించింది.

టార్చిలైటు సభ డిసెంబరు చివర్న పెడతారట. ఇస్త్రీ చేసిన చొక్కా అలాగే ఉంచమను.

లైబ్రరీ మేడమ్ అడ్రసు పెన్షను ఆఫీసులో దొరికింది. మీ ఊరికి బస్సులో రెండు గంటలు. వేరే చీటీ మీద రాసి పెట్టాను. వెళ్ళమని చెప్పడానికి నాకు మొహం లేదు.

నీ
అమ్మడు


డిసెంబరు 5

అమ్మడూ,

వెళ్ళొచ్చాం. నా చెవుల పుణ్యమా అని మీ పిన్నిని వెంట తీసుకెళ్ళాల్సి వచ్చింది. దారిలో బస్సులోనే ఆవిడకి మొత్తం చెప్పాను. నాకు వినపడదు కాబట్టి నేను మెల్లిగా చెబుతున్నాననుకున్నాను. దిగేటప్పుడు బస్సులో ఉన్న వాళ్ళంతా నావైపే చూశారు. మీ పిన్ని తిట్టలేదు. "కుచ్చుకుంటుందన్నావు" అంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

మేడమ్ తమ్ముడి ఇంట్లో ముందు గదిలో ఉంటోంది. చేతులు ఇంకా వంకర పోయాయి. ఒళ్ళో దుప్పటి. నన్ను చూసి ఎంత సంతోషించిందో తెలుసా? "మా బాయిలరు ఆయన వచ్చారు" అని లోపలివాళ్ళని పిలిచింది. తమ్ముడూ, మరదలూ, పక్కింటావిడా, అందరూ వచ్చి కూర్చున్నారు. వాళ్ళని పంపించేయమని అడగడానికి నోరు రాలేదు. అందరిముందే చెప్పాను. పైపు పూడుకుపోయిన సంగతి, స్ప్రింగు, అట్టముక్క, టార్చిలైటు అడ్డుపడటం, అన్నీ. వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగారని మీ పిన్ని తర్వాత చెప్పింది.

మేడమ్ చాలాసేపు తన చేతులకేసి చూసుకుంది. తర్వాత ఏదో అంది. నాకు వినపడలేదు. మీ పిన్నివైపు చూశాను. పిన్ని చెప్పలేదు. మేడమ్ మళ్ళీ అంది. అప్పుడు మీ పిన్ని నా చెవి దగ్గరికి వచ్చి, ఇల్లంతా వినపడేలా అరిచింది.

"ఆ టోపీ తిరిగి ఇచ్చెయ్యమంటోంది!"

సంచీలో ఉంది. తీసి ఇవ్వాలని కాదు, ఎందుకో తీసుకెళ్ళాను. పెట్టెలో మడతలు పడి కొత్తదిలాగే ఉంది. ఒకసారి కూడా వాడలేదని చూడగానే ఆవిడకి తెలిసిపోయింది. నా చేతిలోంచి తీసుకుని, ఆ వంకర వేళ్ళతో రెండు వైపులా లాగి, తన తల మీద చెవుల దాకా పెట్టుకుంది. నన్ను తిట్టలేదు, క్షమించాననలేదు. టీ తాగి వెళ్ళమని మరదలితో చెప్పించింది. టీ తాగాం. వేడిగా ఉంది.

మేం లేచేటప్పుడు మళ్ళీ ఏదో అడిగింది. ఆ గదిలో ఇప్పుడెలా ఉందని అడుగుతోందని మీ పిన్ని అరిచి చెప్పింది. ఇరవై రెండు అని చెప్పాను. నా గొంతు ఎంత పెద్దగా వచ్చిందో నాకు తెలీదు. ఆవిడ తలూపి, టోపీ ఇంకొంచెం కిందకి లాక్కుంది.

సభకి వస్తాను. చొక్కా సంగతి వదిలెయ్. టార్చిలైటుకి ఎదురుగా మొదటి వరసలో నాకు కుర్చీ వేయించు, అందరూ నన్ను చూసేలా. నా పక్కన నువ్వు కూర్చోవాలి.

బాబాయి